వెలుగును అతికే మనిషి

జాయింటన్న పోయిన సంగతి ఆయన భార్యే ఫోన్ చేసి చెప్పింది. కరీంనగర్ నంబరు చూసి, ఏదో సామాను తెమ్మంటాడేమో అనుకుంటూ ఎత్తాను. "తమ్మీ, మీ అన్న పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడు, గట్లనే తల వాల్చిండు" అంది. ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన గొంతు. నేను ఊఁ కొడుతుంటే, "గా మిషన్ ఉన్నది గదా తమ్మీ, బల్ల మీద. ఎవలన్న చెయ్యి పెడితే ఇల్లు పీకి పందిరేస్తుండె. ఇప్పుడు దాని మీది దుమ్ము తుడుద్దామన్నా భయమే అయితుంది" అంది. అప్పటిదాకా గట్టిగానే ఉన్నవాణ్ణి, ఆ మాట విని దుకాణం మెట్ల మీద కూర్చుండిపోయాను.

నేను నిర్మల్ పక్కన ఒక ఊళ్లో కేబుల్ నడుపుతాను. ఒకప్పుడు జనం నన్ను టీవీ సీరియళ్ల కోసం తిట్టేవారు, ఇప్పుడు ఇంటర్నెట్ కోసం తిడుతున్నారు. మధ్యలో మారింది తీగ ఒక్కటే. అప్పుడు రాగి తీగ, ఇప్పుడు గాజు తీగ. వెంట్రుక మందాన ఉండే ఆ గాజులో కరెంటు పోదు, వెలుగు పోతుంది. అదీ కంటికి కనపడని వెలుగు. రాగి తీగ తెగితే పళ్లతో తొక్క లాగి, మెలిపెట్టి, టేపు చుట్టేవాళ్లం. గాజు తీగ దగ్గర ఆ వేషాలు సాగవు. రెండు కొసల్నీ నున్నగా కోసి, ఎదురెదురుగా పెట్టి, చిన్న మెరుపుతో కరిగించి ఒకటి చేయాలి. దానికొక మిషన్ కావాలి, దాని ముందు కూర్చునే ఓపికున్న మనిషి కావాలి. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా మా కేబుల్ వాళ్లలో చాలామందికి ఆ మనిషి ఈయనే. జాయింట్లు వేస్తాడు కాబట్టి జాయింటన్న. ఆయనకు అసలు పేరు ఒకటుందని తెలిసినవాళ్లు తక్కువ.

పోయినవాళ్లను మంచివాళ్లని రాయడం మనకు అలవాటు. ఈయన అంత మంచివాడేం కాదు. ముక్కు మీద కోపం. తనలా జాయింట్ వేసేవాడు మహారాష్ట్ర సరిహద్దు దాకా ఇంకొకడు లేడని నమ్మకం. ఆ నమ్మకాన్ని మనం అప్పుడప్పుడు పైకి అనాలి, అనకపోతే అలుగుతాడు. మోరీల పక్కన, మురుగు మట్టిలో కూర్చుని చేసే పనికి తెల్ల చొక్కా, అదీ పొడుగు చేతులది, ఇస్త్రీ చేసింది తొడుక్కొని వచ్చేవాడు. బస్సులో మిషన్ పెట్టెను కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి తాను బయటి వైపు కూర్చునేవాడు. ఎవరైనా సీటడిగితే "పేషంటున్నడు" అనేవాడు. పని దగ్గరికి రాగానే ముందు దువ్వెన తీసి తల దువ్వుకుంటాడు. "గీ మోరి కాడ నిన్నెవలు చూస్తరన్నా?" అని అడిగితే, "మిషన్ చూస్తది" అని జవాబు.

ఆ తర్వాత పెద్ద నల్ల గొడుగు తెరిచేవాడు. అది ఎండకు కాదు, గాలికి. గాజు కొస మీద చిన్న దుమ్ము రేణువు పడ్డా వెలుగు అక్కడే ఆగిపోతుందని ఆయన భయం. ఇళ్లలో పనైతే మొదటి ఆర్డరు ఫ్యాన్ ఆపమని, రెండోది ముచ్చట్లు బయట పెట్టుకోమని. ఎండాకాలం ఆయన కోసం ఫ్యాన్ ఆపి చెమటలు కక్కిన గృహస్థులు ఎందరో. "ఇంకెంత సేపన్నా?" అని అడిగారా, అయిపోయారే. "వెలుగు రానీకి సేపు పట్టదు. దారి చెయ్యనీకే పడుతది" అని గుర్రుమనేవాడు.

ఎడమ మోకాలి మీద ఒక టేపు ముక్క పెట్టుకునేవాడు, జిగురు వైపు పైకి ఉండేలా. కోసిన ప్రతి గాజు ముక్కనూ దాని మీద అద్దేవాడు. అవి కింద పడితే కనపడవు, కాలికో మేక మూతికో గుచ్చుకుంటే బయటికి రావు. పనయ్యాక టేపును మడిచి పాత మందుసీసాలో వేసి మూత బిగించేవాడు. తిండి ముందు ఆయన చేతులు కడుక్కోవడం పెద్ద తతంగం. మొదటిసారి మా ఇంట్లో భోజనానికి వచ్చినప్పుడు, చేతులు కడుక్కొని వాకిట్లోకి వెళ్లి, రెండు చేతులూ ఎండకు పట్టి మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. గాజు ముక్క ఉంటే ఎండకు తళుక్కుమంటుంది కదా, దానికోసం. మా ఆవిడ వంటింట్లోంచి చూసి, "మీ అన్నకు శానా భక్తి ఉన్నట్టుందే, సూర్యునికి మొక్కనిది తినడా?" అంది. ఆ మాట ఆయనకు చెబితే, నవ్వుతాడనుకుంటే, "మొక్కినట్టే అనుకో" అని పీట మీద కూర్చున్నాడు.

వెలుగు గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఆ మనిషే వేరు. ఆయన దగ్గర ఎర్ర లైటు పెన్ను ఒకటి ఉండేది. దాన్ని గాజు తీగ ఒక కొసకు తగిలించి, రెండో కొస మన అరచేతికి చూపేవాడు. మధ్యలో తీగ చీకటిగానే ఉంటుంది, చేతిలో ఎర్ర చుక్క పడుతుంది. ఆ తర్వాత తీగను చిటికెన వేలికి బిగుతుగా చుట్టేవాడు. చుట్టిన చోటల్లా ఎర్రగా వెలుగు బయటికి కారేది, అరచేతిలోని చుక్క వాడిపోయేది. "చూసినవా? సాఫ్‌గ తిప్పితే యాడికైనా వస్తది. మెడ విరిస్తే బయటకు దుంకుతది" అనేవాడు. మా పనోళ్లు తీగను గోడ మూలలో మడిచి మేకు కొట్టారంటే ఇక ఆ పూట అందరికీ ఉపవాసమే.

వెలుగు ఎక్కువైనా ఆయన ఒప్పుకోడు. మా ఆఫీసు పక్కనే ఒక మిఠాయి దుకాణం ఉంది. దగ్గర కాబట్టి ఆ తీగలో వెలుగు మరీ ఎక్కువ చేరి, వాళ్ల నెట్ డబ్బా తిక్కతిక్కగా నడిచేది. జాయింటన్న వెలుగు కొలిచే మీటరు పెట్టి చూసి, మధ్యలో వెలుగు తగ్గించే చిన్న ముక్క బిగించాడు. దుకాణం ఆయన ఊరుకుంటాడా? "నా వెలుగెందుకు తగ్గిచ్చినవ్? నేను పక్కోనికన్న తక్కువనా?" అని లడాయికి దిగాడు. మీటర్లో అంకె ముందు మైనస్ గుర్తు చూసి ఇంకా రెచ్చిపోయాడు. "సేటూ, ఎదురుంగ లారీ లైట్లు కొడితే నీకు రోడ్డు కనవడ్తదా? కనవడదు గదా. దీనికీ గంతే" అన్నాడు జాయింటన్న. సాయంత్రానికి నెట్ చక్కగా నడిచి, ఇద్దరికీ వేడి జిలేబీ వచ్చింది. మీటరు పెట్టిన చేతికి మర్యాద దక్కిందని జాయింటన్న తెగ సంబరపడ్డాడు.

ఆయన దగ్గర ఇంకో డబ్బా ఉండేది. అది తీగలోకి వెలుగును విసురుతుంది. దారిలో అతుకులకూ తెగిన చోటుకూ తగిలి కొంత వెలుగు వెనక్కి వస్తుంది. ఎంత సేపటికి వచ్చిందో లెక్కగట్టి, తెగింది ఎంత దూరంలోనో తెర మీద గీత గీసి చూపిస్తుంది. సాఫీగా వస్తున్న గీత ఒకచోట దబ్బున పడిపోతే, అక్కడ తెగినట్టు. ఆ డబ్బా మాటంటే ఆయనకు వేదం. అందులో ఉన్నదే చెప్పేవాడు, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా. దీని గురించి ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే దాని తర్వాతే ఆయన నాకు సరిగ్గా అర్థమయ్యాడు.

ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో నెట్ పోయింది. అక్కడి కేబుల్ అతను నాకు చుట్టం, సాయం రమ్మంటే జాయింటన్నా నేనూ వెళ్లాం. పత్తి సీజను. గాలి నిండా దూది నూగు. జాయింటన్నకు ఇంతకంటే నరకం ఉండదు. గొడుగు చుట్టూ తడి దుప్పటి కప్పించి లోపల కూర్చున్నాడు. మిషన్ తెర మీద, అతుకు దగ్గర ఎంత వెలుగు పోతుందో అంకె పడుతుంది. చుక్క పక్కన సున్నా ఉంటే తప్ప, అంటే పోయేది లెక్కలోకి రానంత తక్కువైతే తప్ప, ఆయనకు అన్నం సహించదు. నడుస్తుంది కదా అని మేమన్నవాటిని కూడా కోసిపారేసి మళ్లీ మళ్లీ అతికాడు. అది కాదు సంగతి. తెగింది గేటు దగ్గరని డబ్బా చెప్పింది. గేటు తీసే ముసలాయన, ఎత్తుగా పత్తి నింపిన ట్రాలీని చూసుకోకుండా లోపలికి వదిలాడు, అది తీగను లాక్కుపోయింది. ముసలాయన గొడుగు దగ్గరికి వచ్చి వంగి, "భావూ, గాలికి తెగిందని చెప్పు, బస్. మాలక్ నన్ను ఉంచడు" అన్నాడు మరాఠీ యాసలో.

"గాలికెట్ల తెగుతదే? గేటు కాడ్నే గాలొస్తదా?" అన్నాడు జాయింటన్న తలెత్తకుండానే. మేనేజరు వచ్చి అడిగితే, గేట్లో ట్రాలీ తగిలి తెగిందని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అందరి ముందూ ముసలాయనకు తిట్లు పడ్డాయి, తెలుగులో కొన్ని, మరాఠీలో కొన్ని. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకొని తల దించుకు నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో ఇచ్చోడలో చాయ్ తాగడానికి దిగాం. "గంతగనం తిట్టకపోతే ఏమాయె" అన్నాడు జాయింటన్న, నాతోనో గ్లాసుతోనో. "నువ్వు చెప్పకపోతే తిట్టకపోదురు" అన్నాను. నాకు నిజంగానే ఆయన మీద కోపంగా ఉంది. "ఉన్నదే చెప్పిన గదా" అన్నాడు. కానీ ఆ గొంతులో ఎప్పుడూ ఉండే దర్జా లేదు. చాయ్ సగం వదిలేసి బస్సెక్కాడు.

ఇది జరిగిన మరుసటి ఏడాది, వానలింకా పూర్తిగా తగ్గని రోజుల్లో, ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది. గుట్ట వెనక ఒక పల్లె ఉంది. సెల్ టవర్ సిగ్నల్ గుట్ట అవతలే ఆగిపోతుంది. ఫోన్ మాట్లాడాలంటే రోడ్డు మలుపు దాకా నడవాలి, లేదంటే ఇంట్లో మా గాజు తీగ ఉండాలి. గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్లన్నీ మా తీగ పెట్టించుకున్నాయి. అలాంటి ఒక ఇంటి కోడలు రోడ్డు మలుపు నుంచి చేసింది.

"అన్నా, మా అత్తమ్మ పోయింది. నా భర్త మస్కట్ల ఉన్నడు, కంపెనీ ఇడువలే. ఫోన్ల అత్తమ్మ మొఖం చూసుకుంట ఏడుస్తుండె, నడుమల నెట్ పోయింది. మస్తు సేపాయె అన్నా, ఇంకా రాలే. పొద్దుగూకక ముందే తీస్కపోతమంటుండ్రు. జర జల్ది రా అన్నా, నీ కాల్మొక్త."

అదృష్టం, జాయింటన్న ఆ రోజు నిర్మల్‌లోనే ఇంకో పని మీద ఉన్నాడు. సంగతి చెప్పగానే చేస్తున్న పని వదిలేసి నా బండెక్కాడు. దారిలో ఒకటే అడిగాడు. "కాటికాడికి నెట్ రాదు గదా?" రాదన్నాను. వాకిట్లోంచి శవం లేచేదాకే ఆ కొడుకు తల్లిని చూడగలడు. ఆ తర్వాత ఎంత వెలుగున్నా లాభం లేదు. ఆయన మిషన్ పెట్టెను ఒళ్లో గట్టిగా పట్టుకున్నాడు.

ఇంటి ముందు జనం. డప్పులవాళ్లు ఒక పక్కన మంట పెట్టి డప్పులు కాచుకుంటున్నారు. పోయిన ముసలమ్మను గోడకు కూర్చోబెట్టి ఉన్నారు. వాకిట్లో నలుగురైదుగురు పచ్చి వెదురు బొంగులతో పాడె కడుతున్నారు. వాళ్లకు పెద్ద, పోయినామె సొంత తమ్ముడు. అరవై దాటిన మనిషి, చేతిలో కొడవలి, కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. కోడలు మమ్మల్ని చూసి లేచి వచ్చింది. ఆ పిల్ల దుఃఖం కోపంగా మారి ఉంది. "కొడుకు ఆఖరి సూపు గూడ చూడకుంట చేసిండ్రు. తీగ తెంపినోని చేతులు పడిపోను!" అని గోడకేసి అరిచింది. "అవు బిడ్డా, పడిపోవాలె గసుంటోని చేతులు" అన్నాడు ముసలమ్మ తమ్ముడు, పాడెకు తాడు బిగిస్తూ.

ఇంట్లో నెట్ డబ్బా మీద ఎర్ర దీపం. తీగ కొసకు మీటరు పెడితే వెలుగే లేదు. వీధి స్తంభం మీది పెట్టె దగ్గర మాత్రం వెలుగు బాగానే ఉంది. అక్కడి నుంచి ఇంటి వైపు దూరం చూసే డబ్బా పెట్టాడు. గీత కొంచెం దూరం సాఫీగా వచ్చి దబ్బున పడిపోయింది. ఇద్దరం తీగ వెంట పైకి చూస్తూ ఇంటి వెనక్కి నడిచాం. అక్కడొక వెదురు పొద. నడుమ స్తంభం లేదని మావాళ్లు తీగను ఆ పొద మీంచే లాగారు. ఆకుల్లో కలిసిపోయి అది కనపడదు. పొద దగ్గరికి వెళ్లగానే ఇద్దరం ఆగిపోయాం.

పొదలో అప్పుడే నరికిన బొంగుల మొదళ్లు, ఇంకా తడిగా. చుట్టూ కొట్టేసిన సన్న కొమ్మలు. వాటి మధ్య మా నల్ల తీగ, ఏటవాలుగా తెగి వేలాడుతోంది. పాడె కోసం వెదురు కొట్టి, పక్క రెమ్మలు నరికేటప్పుడు రెమ్మతో పాటు అదీ పోయింది. ఆ ఇంట్లో చావు జరగకపోతే ఆ పొద జోలికి ఎవరూ పోరు. గోడ అవతల నుంచి పాడె కడుతున్న చప్పుడు వినిపిస్తోంది. జాయింటన్న ఆ చప్పుడు వైపు చూశాడు. తెగిన కొస వైపు చూశాడు. నాకు ఆదిలాబాద్ గేటు గుర్తొచ్చింది. ఈ మనిషి ఉన్నదే చెబుతాడు.

ఆయన గబగబా కట్టరు తీసి, తెగిన రెండు కొసలనూ జానెడంత కోసేసి ఆ ముక్కల్ని ప్యాంటు జేబులో దోపుకున్నాడు. అప్పుడే ముసలమ్మ తమ్ముడు పొద చుట్టూ తిరిగి వచ్చాడు, కొడవలి చేతిలోనే ఉంది. "దొరికిందా సారూ? ఎట్ల తెగిందట?"

"ఉడుత" అన్నాడు జాయింటన్న.

"ఉడుతనా?"

"ఆఁ, కాకా. ఉడుతలు గీ తీగ మీది తొక్క కొరుకుతయ్. మస్తు చోట్ల గిదే లొల్లి." అబద్ధం ఆడటం కొత్త కాబట్టి మాట కాస్త పెద్దగా వచ్చింది. "నువ్ కొడవలి పక్కన పెట్టి గీ గొడుగు పట్టు. గాలి రాకుండ. కదలకు."

ముసలాయన కొడవలి నేల మీద పెట్టి గొడుగు పట్టాడు. తాను తెంపిన తీగను అతుకుతుంటే గాలి తగలకుండా తానే కాపు కాస్తూ, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ నిలబడ్డాడు. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు, అలాగని కదలబుద్ధీ కాలేదు. జాయింటన్న ఆ రోజు తల దువ్వుకోలేదు. తొక్క తీశాడు, తుడిచాడు, కోశాడు, మిషన్లో పెట్టాడు. వాకిట్లో ఎవరో పెద్దమనిషి, "ఇగ లేపుండ్రి, మబ్బు పడ్తుంది" అని అరిచాడు. మిషన్‌లో మెరుపు మెరిసింది. అంకె పడింది. తొంగి చూశాను. పాడు అంకె. మామూలుగా అయితే దాన్ని చూసి ఉమ్మేసేవాడు, కోసిపారేసేవాడు. డప్పు మొదలైంది. ఆయన ఒక్క క్షణం ఆ అంకెను చూసి, మూత వేసి, "నడువనియ్" అన్నాడు.

ఆ మాట ఆయన నోటి నుంచి నేను వినడం అదే మొదటిసారి, చివరిసారి కూడా.

ఇంట్లోంచి కోడలు, "పచ్చ లైటచ్చింది!" అని కేక వేసింది. ఫోన్ పట్టుకొని పరుగెత్తి వచ్చింది. డప్పు ఆగింది. జనం జరిగి దారి ఇచ్చారు. తెర మీద మస్కట్ గదిలో ఒక మగమనిషి, ఇనుప మంచం, గోడకు కంపెనీ బట్టలు. "అవ్వా" అని ఒక్కటే పిలిచాడు. కోడలు ఫోన్‌ను ముసలమ్మ ముఖానికి దగ్గరగా పట్టుకుంది. ఆ తర్వాత అతను తల్లితో మాట్లాడిన మాటలు నేను రాయను. అవి ఆమెవి.

కాసేపటికి అతను ముఖం తుడుచుకొని, "మామా, పాడె నువ్వే కట్టినవా?" అని అడిగాడు.

"నేనే బిడ్డా. మన పెరట్ల వెదురే. మీ అవ్వ పెట్టిన పొదనే. నా చేతుల్తోనే కోసుకొచ్చిన" అన్నాడు ముసలమ్మ తమ్ముడు.

"మంచిగ కట్టినవ్ మామా" అని, "నెట్ ఎందుకు పోయిందే?" అన్నాడు భార్యతో.

"ఉడుత కొరికిందట."

తెర మీద బొమ్మ కదలలేదు. నెట్ మళ్లీ పోయిందేమోనని ఇంట్లో డబ్బా మీది దీపం వైపు తొంగి చూశాను. అంతలో ఏడుపు మధ్యలోంచి అతను నవ్వాడు. "వద్దే అవ్వా అంటే ఇంటుండెనా? రోజు నూకలేసి ఇంటి సుట్టు మోపు చేసింది ఉడుతల్ని" అన్నాడు. వాకిట్లో ఉన్న ఆడవాళ్లు ఏడుస్తూనే నవ్వారు. "అవు, చేటెడు నూకలేస్తుండె" అని ముసలమ్మ తమ్ముడు కూడా కండువా నోటికి అడ్డం పెట్టుకొని నవ్వాడు. నవ్వనిది జాయింటన్న ఒక్కడే. గోడ పక్కన, ఎవరికీ అవసరం లేని గొడుగు పట్టుకొని నిలబడి ఉన్నాడు.

పాడె లేచింది. వైఫై వాకిలి దాటి కొంత దూరమే వస్తుంది. కోడలు ఫోన్ పైకెత్తి పట్టుకొని అక్కడి దాకా నడిచింది. బొమ్మ ఆగిపోయిన చోట ఆమె కూడా ఆగిపోయింది.

జనం వెళ్లాక జాయింటన్న మళ్లీ పొద దగ్గరికి నడిచాడు. "నడుస్తుంది గదన్నా, పోదాం పా" అన్నాను. "ఇయ్యాల్టికి నడిచింది. రేపు ఆ పిల్ల ఆయనతోని మాట్లాడద్దా?" అని, ఆ పాడు అతుకును కోసేసి, తీరిగ్గా కూర్చుని, ఆయన మనసుకు నచ్చిన అంకె వచ్చేదాకా అతికాడు. ఈసారి గొడుగు నేను పట్టాను.

తిరిగి వస్తుంటే నా నోరు ఊరుకోలేదు. "అన్నా, ఉడుతకు కొడవలి యాడిదే?" అన్నాను. బండి ఆపమన్నాడు. రోడ్డు పక్కన నిలబడి జేబులోంచి ఆ తెగిన ముక్క తీశాడు. "చూడు తమ్మీ. ఒక్కటే ఏటు. యాడ నలగలే, చీలలే. అక్క కోసమని కొడవలి ఎంత మంచిగ నూరుకొచ్చుకున్నడో" అన్నాడు. అని, ఆ ముక్కను చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. కళ్లు నిండి ఉన్నాయి. "ఆదిలాబాద్ల గా ముసలోడు ఇంక గేటు కాడ్నే ఉన్నడా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

ఆ పల్లెలో ఇప్పటికీ మా తీగ ఉంది. ముసలమ్మ తమ్ముడు సంతకు వస్తే నా దుకాణం ముందు ఆగుతాడు. "ఉడుతలేమన్న మల్లచ్చినయా సారూ?" అని అడుగుతాడు. లేదు కాకా, రాలేదు అంటాను. అక్క మీద బెంగ ఉంది కానీ, ఆ చేతుల మీద ఏ మచ్చా లేకుండా బతుకుతున్నాడు. మొన్నటిదాకా ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరం ఉండేవాళ్లం. ఇప్పుడు నేనొక్కణ్ణే. అందుకే ఇంత రాసినా, ఆ పల్లె పేరూ రాయలేదు, జాయింటన్న పేరూ రాయలేదు.